పాత ఆక్టావియా ఆర్ఎస్‌కి పెద్ద బ్రేక్ కిట్ వేయించాలా?

మీ ప్రశ్న కుదించి చెప్తే ఇదీ. బండి 2005 స్కోడా ఆక్టావియా ఆర్ఎస్, 1.8 టర్బో పెట్రోల్, మీరుండేది విశాఖలో. నలుగురు ఎక్కి అరకు వెళ్లి దిగుతుంటే ఘాట్ సగంలో బ్రేక్ పెడల్ మెత్తబడి కిందికి పోయింది. పక్కన ఆపి అరగంట ఆగాక మళ్లీ మామూలుగా పనిచేసింది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి తీసుకెళ్తే మూడో ల్యాప్ నుంచి పెడల్ గట్టిగానే ఉన్నా ఎంత తొక్కినా బండి సరిగ్గా ఆగలేదు, కాలిన వాసన వచ్చింది. ముందు డిస్క్‌లు 288 మి.మీ., మందం 25 అని కొలిచి రాశారు. చక్రాలు 16 అంగుళాలవి. ఒక వర్క్‌షాపు వాళ్లు ఆరు పిస్టన్ల కాలిపర్లు (డిస్క్‌ని రెండువైపులా పట్టి నొక్కే భాగాలు), 330 మి.మీ. డిస్క్‌ల కిట్ వేయించుకోమన్నారు, పాత చక్రాలు తీసేసి 17 అంగుళాలవి కూడా కొనాలన్నారు. వేయించాలా వద్దా అన్నది ప్రశ్న.

వద్దు. ఆ డబ్బు అలాగే ఉంచండి. అరకులో జరిగిందీ ట్రాక్ మీద జరిగిందీ ఒకటే సమస్య అని మీరూ, వర్క్‌షాపు వాళ్లూ అనుకుంటున్నారు. కాదు. మొదటిది బ్రేక్ ఆయిల్ మరగడం, రెండోది డిస్క్‌ని రాసుకుంటూ ఆపే ప్యాడ్లు చేతులెత్తేయడం. రెండింటికీ మందు వేరు. పెడల్ ఎలా ప్రవర్తించిందో మీరు విడివిడిగా గమనించి రాశారు కాబట్టే ఇంత దూరం నుంచి నేను ఈ మాట ధైర్యంగా అనగలుగుతున్నాను. బ్రేకుల విషయంలో డిస్క్ సైజు కంటే ముందు చూడాల్సింది పెడల్‌నే.

పెడల్ మెత్తగా అయి కిందికి పోయి, చల్లారాక దానంతట అదే తిరిగి వచ్చిందంటే లోపల ఆయిల్ ఆవిరైందని అర్థం. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు, కాబట్టి కాలి ఒత్తిడి అంతా పిస్టన్‌కి చేరుతుంది. ఆవిరి బుడగలు మాత్రం నొక్కుకుపోతాయి. మీ కాలు వాటిని నలపడానికే సరిపోతుంది, ప్యాడ్ దగ్గరికి బలం చేరదు. చల్లారగానే ఆవిరి మళ్లీ ఆయిల్‌గా మారుతుంది, పెడల్ వచ్చేస్తుంది, మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి తప్పేమీ కనిపించదు. బండి ఆపిన వెంటనే బాగైపోతుందని మాత్రం ఎప్పుడూ అనుకోవద్దు. ఆగిన బండికి గాలి తగలదు, డిస్క్‌లోని వేడంతా కాలిపర్‌లోకి పాకుతుంది, మొదటి కొన్ని నిమిషాలు పెడల్ ఇంకా దిగజారుతుంది. మీరు అరగంట ఆగడం చాలా మంచి పని.

బ్రేక్ ఆయిల్ రకాన్ని డాట్ నంబరుతో చెప్తారు. డాట్ 4 ఆయిల్ కొత్తగా సీసాలోంచి పోసినప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అదే ఆయిల్ 3.7 శాతం నీరు పీల్చుకుంటే ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. డాట్ 5.1 అయితే 260, 180. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆయిల్ ఉండే డబ్బా, అంటే రిజర్వాయర్ మూత దగ్గర్నుంచే కాదు, రబ్బరు హోస్ పైపుల గోడల్లోంచి కూడా నీరు మెల్లగా లోపలికి చేరుతుంది. మీరుండేది సముద్రం పక్కన, ఏడాది పొడుగునా తేమే. ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తు లేదని రాశారు. ఇక వేరే కారణం వెతకక్కర్లేదు. విశాఖ, కాకినాడ వైపు బండ్లకి రెండేళ్లు దాటనివ్వకూడదు. ట్రాక్‌కి వెళ్లేవాళ్లయితే ప్రతిసారీ వెళ్లేముందు మార్చుకోవాలి. లీటరు డాట్ 4 ధర మీ టైరు ఒక్కదాని ధర ముందు చాలా తక్కువ.

ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల మీద ఎంత భారం పడుతుందో ఒకసారి లెక్క వేసి చూడండి. అరకు దారిలోని సిమిలిగూడ రైల్వే స్టేషన్ సముద్రమట్టానికి దాదాపు 997 మీటర్ల ఎత్తులో ఉంది. రోడ్డూ ఆ కొండల మీంచే శృంగవరపుకోట మైదానానికి దిగుతుంది. సుమారు 900 మీటర్ల దిగుడు అనుకుందాం. మనుషులు, సామానుతో కలిపి బండి 1,700 కిలోలు. ఆ ఎత్తు నుంచి దిగేటప్పుడు వదిలించుకోవలసిన శక్తి 15 మెగాజౌల్స్. అదే బండిని 120 కి.మీ. వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆపితే పుట్టేది ఒక మెగాజౌల్ కంటే తక్కువ. అంటే ఘాట్ మొత్తం బ్రేకు మీదే దిగడమంటే హైవే మీద పదహారు సార్లు వరసగా సడన్ బ్రేక్ కొట్టినట్టు, అదీ తక్కువ వేగంలో, సరిగ్గా గాలి తగలకుండా. నిజానికి టైర్ల రాపిడి, గాలి, ఇంజిన్ ఇందులో పెద్ద భాగం మింగేస్తాయి. ఇంజిన్ ఎంత మింగుతుందన్నది మీరు ఏ గేర్‌లో దిగుతున్నారన్న దాని మీద ఉంటుంది. టర్బో పెట్రోల్ బండిని నాలుగో గేర్‌లో వదిలేస్తే ఇంజిన్ పట్టి ఉంచేది చాలా తక్కువ. రెండో గేర్‌లో, నిటారు మలుపుల మధ్య అవసరమైతే ఇంకా తగ్గించి దిగాలి. బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచకూడదు. గట్టిగా కొట్టి వేగం తగ్గించి, వదిలేసి, మళ్లీ వేగం పెరిగాక కొట్టాలి. వదిలిన ఆ కాసేపట్లోనే డిస్క్ ఊపిరి పీల్చుకుంటుంది. 330 మి.మీ. డిస్క్ వేసుకుని కూడా కాలు తీయకుండా దిగితే పాత ఆయిల్ మళ్లీ మరుగుతుంది. కొంచెం కింద, కొంచెం ఆలస్యంగా, అంతే తేడా.

ఇప్పుడు ట్రాక్ సంగతి. పెడల్ గట్టిగా ఉంది, బండి ఆగలేదు, వాసన వచ్చింది. ఆయిల్ అప్పటికి బాగానే ఉంది, ప్యాడ్ పట్టు పోయింది. బండి మీరొక్కరే ఉండి 1,450 కిలోలు అనుకుంటే, 160 నుంచి 60కి తగ్గించిన ప్రతిసారీ 1.2 మెగాజౌల్స్ పైన వేడి. అందులో 70 శాతం ముందు చక్రాలది. ఒక్కో ముందు డిస్క్ ఏడు కిలోలుంటే ఆ ఒక్క బ్రేకుతో సుమారు 130 డిగ్రీలు పెరుగుతుంది. 3.7 కి.మీ. ల్యాప్‌లో ఇలాంటివి కొన్ని వస్తాయి, మధ్యలో పూర్తిగా చల్లారే టైమ్ ఉండదు. మామూలు రోడ్డు ప్యాడ్లు 350, 400 డిగ్రీలు దాటేసరికి అందులోని రెసిన్ కాలి వాయువు వదులుతుంది, ఘర్షణ పడిపోతుంది. మీకు వచ్చిన వాసన అదే. మూడో ల్యాప్‌లో ఇది జరగడం ఆశ్చర్యమేమీ కాదు. నేనయితే రెండో ల్యాప్‌కే అనుకునేవాణ్ని.

పెడల్ గట్టిగా ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది. మీ ఇంజిన్‌లో అది తరచుగా వస్తుంది కాబట్టి తప్పకుండా చూడండి. మీ కాలి బలాన్ని పెంచే బూస్టర్‌కి వాక్యూమ్ తీసుకెళ్లే పైపు, మధ్యలో ఉండే వన్‌వే వాల్వు. 1.8 టర్బోలో ఈ రబ్బరు, ప్లాస్టిక్ పైపులు ఇంజిన్ వేడికి ఇరవై ఏళ్లలో పెళుసైపోయి, చేత్తో నొక్కితే పటుక్కున విరుగుతాయి. వాల్వు లీకైతే టర్బో ప్రెషర్ బూస్టర్ వైపు తిరిగి వస్తుంది, అప్పుడు మీ కాలికి సాయం అందదు. పరీక్ష చాలా తేలిక. ఇంజిన్ ఆపి పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే కాలితో పట్టి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద కొద్దిగా దిగాలి. దిగకపోతే ముందు ఆ పైపులు మార్చండి. తర్వాత ఇంజిన్ ఆపి పది నిమిషాలాగి ఒకసారి తొక్కండి. మొదటి తొక్కుకే రాయిలా ఉంటే వాల్వు నిలబడటం లేదని అర్థం.

ఇక ఉన్న బ్రేకులని వాటి పూర్వపు స్థితికి తేవడం. పాత బండి విషయంలో దీన్నే నేను అసలు అప్‌గ్రేడ్ అంటాను, ఎందుకంటే ఇరవై ఏళ్ల బండిలో కంపెనీ ఇచ్చిన బ్రేక్ ఎలా ఉంటుందో చాలామంది ఓనర్లకి అసలు తెలియదు. బండి కొన్నప్పటికే అది సగం పనిచేస్తూ ఉంటుంది.

ముందు చక్రాల కాలిపర్ రెండు గైడ్ పిన్నుల మీద పక్కకి జరగాలి. పిస్టన్ ఒకవైపే ఉంది కాబట్టి, కాలిపర్ జరిగితేనే బయటి ప్యాడ్ డిస్క్‌ని పట్టుకుంటుంది. పిన్ను జామ్ అయితే లోపలి ప్యాడ్ ఒక్కటే పనిచేస్తుంది, అది అరిగిపోతుంది, బయటిది కొత్తగా మెరుస్తూ ఉంటుంది. చక్రం విప్పి రెండు ప్యాడ్ల మందం పోల్చి చూడండి, కథ అంతా అక్కడే తెలుస్తుంది. మీ కాలిపర్ పిన్నులకి 7 మి.మీ. అలెన్ కీ కావాలి. మామూలు సెట్‌లో 6 తర్వాత 8 ఉంటుంది. 7 లేక కొందరు మెకానిక్‌లు ఏదో ఒకటి దూర్చి తిప్పి తల కొరికేస్తారు. ఆ కీ మీరే కొని పట్టుకెళ్లండి. బిగించేటప్పుడు 28 న్యూటన్ మీటర్లు చాలు. కాలిపర్‌ని మోసే చట్రం, అంటే క్యారియర్ బోల్టులు మాత్రం 125, చక్రం బోల్టులు 120. పిన్నుల రబ్బరు బుష్షులు చీలితే మార్చండి. వాటికి మామూలు గ్రీజు పూయనివ్వకండి. పెట్రోలియం గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పిన్నుని ఇంకా గట్టిగా పట్టేస్తుంది. బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు, అదీ పలచగా.

ఒకే అడుగు నిర్మాణం మీద వచ్చిన ఈ కుటుంబం బండ్లన్నిటికీ వెనక కాలిపర్లు బలహీనత. హ్యాండ్‌బ్రేక్ లివర్ కాలిపర్ మీదే ఉంటుంది, దాని ఇరుసులోకి నీరు చేరి తుప్పు పట్టి, లివర్ పూర్తిగా వెనక్కి రాదు. అప్పుడు వెనక ప్యాడ్ కొద్దిగా రాసుకుంటూనే ఉంటుంది. ఒక పదిహేను కి.మీ. బ్రేక్ ఎక్కువ వాడకుండా నడిపి, వెనక రెండు రిమ్ములకి దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా. ఒకటి సెగలు కక్కుతూ రెండోది చల్లగా ఉంటే దొరికినట్టే. ఇంకో మాట, వెనక పిస్టన్‌ని సి-క్లాంప్‌తో తిన్నగా నొక్కకూడదు. నొక్కుతూ తిప్పాలి, దానికి వేరే టూల్ ఉంది. బలవంతంగా నొక్కితే లోపలి హ్యాండ్‌బ్రేక్ మెకానిజం పోతుంది.

హోస్ పైపులు అన్నీ మార్చేయండి. పాత రబ్బరు పైపు బయటికి బాగానే కనిపిస్తూ లోపల పొర ఊడి వాల్వులా పనిచేస్తుంది. తొక్కితే ప్రెషర్ వెళ్తుంది, వదిలితే తిరిగి రాదు, ఆ చక్రం పట్టేసి ఉంటుంది. స్టీల్ అల్లిక పైపులు వేయించుకుంటే పెడల్ కొంచెం గట్టిగా, స్పష్టంగా ఉంటుంది. వాటివల్ల బండి ఆగే దూరం తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మంచి కంపెనీవి దొరక్కపోతే ఒరిజినల్ రబ్బరువే వేయించండి, లోకల్‌గా క్రింప్ చేసినవి మాత్రం వద్దు.

ఆయిల్ మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. మీ క్లచ్ కూడా అదే రిజర్వాయర్ నుంచి ఆయిల్ తీసుకుంటుంది, మట్టం ఎక్కడా అడుగంటనివ్వకూడదు. గాలి ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసేది) యూనిట్‌లోకి వెళ్తే మామూలు బ్లీడింగ్‌తో, అంటే పాత ఆయిల్‌నీ గాలినీ బయటికి తీసే పనితో రాదు, కంప్యూటర్ పెట్టి పంపు తిప్పాల్సి వస్తుంది. రెండోది, ఇద్దరు కలిసి చేసే పద్ధతిలో పెడల్‌ని నేల దాకా తొక్కించకండి. పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌లో రోజూ సీల్స్ తిరగని చివరి భాగంలో తుప్పు పేరుకుని ఉంటుంది, పాత సీల్ అక్కడిదాకా వెళ్తే చీరుకుపోతుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టుకోండి. డాట్ 5 అని ఉన్న సీసా పొరపాటున కూడా తీసుకోవద్దు. అది సిలికాన్, మన సిస్టమ్‌కి కుదరదు. డాట్ 5.1 వేరు, అది వాడుకోవచ్చు.

టైర్ల గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. బండిని ఆపేది టైరే. మీ బ్రేక్ ఏబీఎస్‌ని పలికించగలిగితే, అంటే గట్టిగా తొక్కగానే కాలి కింద గరగరమని అదురు వస్తే, ఆ క్షణంలో టైరు పట్టుకి మించిన బలం బ్రేకు దగ్గర ఉన్నట్టే. పెద్ద కిట్ పెట్టినా మొదటి ఆపుకి ఒక్క అడుగు కూడా తగ్గదు. పెద్ద డిస్క్ ఇచ్చేది పదో ఆపు కూడా మొదటి ఆపులాగే ఉండటం. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆరేళ్లు దాటితే గాడి ఎంత లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. మన ఎండలకి ఇంకా ముందే. వాటిని మార్చి మంచి రకం 205/55 వేసుకుంటే విశాఖ వానలో తేడా మీకే తెలుస్తుంది.

ప్యాడ్ల దగ్గరకొద్దాం. ప్యాడ్ అంచు మీద నంబర్ల చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో ఘర్షణ, రెండోది బాగా వేడెక్కాక. ఈ (E) అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ (F) అంటే 0.35 నుంచి 0.45, జీ (G) అంటే 0.45 నుంచి 0.55. ఈఈ (EE) అని ఉంటే మీ బండికి సరిపోదు. ఎఫ్ఎఫ్ మంచి రోడ్డు ప్యాడ్. మొదటి అక్షరం కంటే రెండోది తక్కువగా ఉన్న ప్యాడ్ వేడెక్కే కొద్దీ పట్టు వదులుతుందని గుర్తు పెట్టుకోండి. ఈ అక్షరాలు అన్నీ చెప్పవు, ఎంత వేడి దాకా తట్టుకుంటుందో కంపెనీ ఇచ్చే వివరాల్లో విడిగా చూడాలి. ఏడాదికి ఒకటి రెండు ట్రాక్ డేలు, మిగతా అంతా ఊళ్లో అన్నారు. మీకు కావలసింది చల్లగా ఉన్నప్పుడు కూడా పట్టుకుంటూ 600 డిగ్రీల దాకా నిలబడే ఫాస్ట్ రోడ్ రకం ప్యాడ్. పూర్తి రేసింగ్ ప్యాడ్ పొద్దున్నే మొదటి సిగ్నల్ దగ్గర పట్టదు, కీచుమంటుంది, డిస్క్‌ని తినేస్తుంది. బీచ్ రోడ్డులో పిల్లలు అడ్డం వచ్చే చోట చల్లటి బ్రేకే ముఖ్యం. అంత కావాలంటే ట్రాక్‌కి వెళ్లే రోజు మాత్రమే వేసుకునే రెండో సెట్ ఉంచుకోండి. ప్యాడ్ మార్చడం మీ కాలిపర్‌లో కష్టమేమీ కాదు.

ఈ పని అంతా చేశాక కూడా ట్రాక్ మీద ఇంకా కావాలనిపిస్తే అప్పుడు డిస్క్ పెంచండి. మీ బండికి కంపెనీ విడిభాగాల్లోనే దారి ఉంది. 288 డిస్క్‌తో వచ్చే 54 మి.మీ. పిస్టన్ కాలిపర్‌నే, క్యారియర్ మాత్రం మార్చి, మొదటి తరం ఆడీ టీటీలో 312 మి.మీ. డిస్క్ మీద వాడారు. అంటే మీరు కొనాల్సింది రెండు క్యారియర్లు, రెండు 312 × 25 డిస్క్‌లు. కాలిపర్, పిస్టన్, మాస్టర్ సిలిండర్ మీ బండిలో ఇప్పుడున్నవే. పెడల్ ప్రయాణం మారదు. ప్యాడ్ డిస్క్ మధ్య నుంచి 12 మి.మీ. బయటికి జరుగుతుంది కాబట్టి ముందు బ్రేక్ బలం పది శాతం దాకా పెరుగుతుంది. డిస్క్ ఒక కిలో పైనే బరువెక్కుతుంది, ఆ ఇనుమే మీ వేడిని దాచుకునేది. డిస్క్ వెనక ఉన్న మట్టి రేకు కొద్దిగా వంచాలి లేదా పెద్దది వేయాలి. 16 అంగుళాల చక్రాల్లో సాధారణంగా పడుతుంది, అయినా డిస్క్ కొనేముందు చక్రం లోపల కొలిచి చూసుకోండి, కొన్ని అల్లాయ్‌ల ఊచలు లోపలికి ఉబ్బి ఉంటాయి. క్యారియర్లు మన దగ్గర సులభంగా దొరకవు, బయటి నుంచి తెప్పించుకోవాలి. పాతవైనా ఫర్వాలేదు, అది పోత ఇనుము, ఇసుకతో కొట్టించి పెయింట్ వేస్తే కొత్తదే. బోల్టులు మాత్రం కొత్తవి. ఇదే పని ఎవరైనా ముందు 280 డిస్క్ ఉన్న బండికి చేయాలనుకుంటే కుదరదు, వాళ్ల కాలిపర్ వేరు, అది కూడా మార్చాలి.

మీకు చెప్పిన ఆరు పిస్టన్ల కిట్‌లో నాకు నచ్చనిది పిస్టన్ల లెక్క. అమ్మేవాళ్లు ఎన్ని పిస్టన్లో చెప్తారు, వాటి వైశాల్యం చెప్పరు. మీ 54 మి.మీ. పిస్టన్ వైశాల్యం 2,290 చదరపు మి.మీ. రెండువైపులా పిస్టన్లు ఉన్న కాలిపర్‌లో ఒకవైపువే లెక్కపెట్టాలి. పాత పోర్షె బాక్స్‌స్టర్ ముందు కాలిపర్‌లో ఒకవైపు 36, 40 మి.మీ. పిస్టన్లు, కలిపితే 2,275. అందుకే ఈ కుటుంబం బండ్ల మీద విదేశాల్లో ఆ కాలిపర్ అంత బాగా కుదిరింది, నిగనిగలాడుతుందని కాదు. అదే ఒకవైపు 40, 44 పిస్టన్లున్న కాలిపర్ అయితే 2,777. అయిదో వంతు ఎక్కువ. అంత ఎక్కువ ఆయిల్ మాస్టర్ సిలిండర్ తొయ్యాలి, పెడల్ అంత కిందికి వెళ్తుంది, బ్రేక్ బలమంతా ముందుకి పోతుంది. ముందు చక్రాలు తొందరగా లాకై ఏబీఎస్ అడ్డం వస్తుంటే వెనక టైర్లు తమ వంతు పని చేయకుండా ఊరుకుంటాయి. బండి మునుపటి కంటే ఎక్కువ దూరం వెళ్లి ఆగడం అసాధ్యమేమీ కాదు. ఆ వర్క్‌షాపు వాళ్లని పిస్టన్ సైజులు, ప్యాడ్ ఏ మోడల్‌ది, ఆ ప్యాడ్ అయిపోతే ఎక్కడ దొరుకుతుంది, అడాప్టర్ దేంతో చేశారు అని అడగండి. దుమ్ము బూట్లు ఉన్నాయా అని కూడా అడగండి. పిస్టన్ చుట్టూ రబ్బరు బూటు లేని రేసింగ్ కాలిపర్ మన దుమ్ములో, వానలో, ఉప్పు గాలిలో ఒక వర్షాకాలం దాటదు.

అడాప్టర్ విషయంలో నేను ఎవరి దగ్గరా మొహమాటపడను. కాలిపర్‌ని బండికి పట్టి ఉంచేది ఆ ముక్కే. ఏ గ్రేడ్ లోహమో తెలియని దిమ్మని లేత్ షాపులో కోసి, మరలు పోసి, హార్డ్‌వేర్ షాపు బోల్టులతో బిగించిన వాటి మీద నేను కాలు పెట్టను, ఇంకొకరిని పెట్టనివ్వను. కంపెనీ వాడే బోల్టులు 10.9 గ్రేడువి, తల మీద ముద్ర ఉంటుంది.

రంధ్రాల డిస్క్‌లు కావాలని అడిగారు. ట్రాక్ మీద వేడెక్కి చల్లారే కొద్దీ ఆ రంధ్రాల అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి. గాడులున్నవి ఫర్వాలేదు, కొంచెం చప్పుడు చేస్తాయి. మంచి కంపెనీ సాదా వెంటిలేటెడ్ డిస్క్ మీకు అన్నిటికంటే మేలు. కొత్త డిస్క్ ఎక్కించేముందు హబ్ మీది తుప్పు వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గోకించండి. అక్కడ సన్నటి తుప్పు పెచ్చు ఒకటి మిగిలినా డిస్క్ అంచు ఊగుతుంది, కొన్నాళ్లకి స్టీరింగ్ వణుకుతుంది, అప్పుడు డిస్క్ వంకర పోయిందంటారు. చాలాసార్లు డిస్క్ వంకర పోదు. ప్యాడ్ పదార్థం దాని మీద సమానంగా అంటుకోకపోవడం వల్ల ఆ వణుకు.

దాన్ని సమానంగా అంటించడానికే బెడ్డింగ్. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకోండి. 80 నుంచి 20 దాకా ఓ మోస్తరు బలంతో ఎనిమిది, పది సార్లు తగ్గించండి, పూర్తిగా ఆపకండి, ఏబీఎస్ రానివ్వకండి. ప్రతిదానికీ మధ్య మళ్లీ వేగం పుంజుకునేంత దూరమే విరామం. వాసన వస్తుంది, కంగారు పడొద్దు. తర్వాత పది పదిహేను నిమిషాలు బ్రేక్ దాదాపు ముట్టుకోకుండా నడిపి చల్లార్చండి. వేడి డిస్క్‌తో ఆగి పెడల్ తొక్కి పట్టుకున్నా, హ్యాండ్‌బ్రేక్ లాగినా ప్యాడ్ ఆకారం డిస్క్ మీద ముద్ర పడిపోతుంది. ట్రాక్ నుంచి పిట్‌లోకి వచ్చినప్పుడూ ఇదే, చివరి ల్యాప్ నెమ్మదిగా చల్లార్చుకుంటూ రండి, గేర్‌లో పెట్టి చక్రాలకి చెక్క అడ్డం పెట్టండి.

రిజిస్ట్రేషన్ గురించి అడిగారు. మోటారు వాహనాల చట్టంలో మార్పులకి సంబంధించింది 52వ సెక్షన్. అరిగిన ప్యాడ్, డిస్క్, పైపులు అదే రకంవి మార్చడం మామూలు మరమ్మతే. 312 డిస్క్ అయినా, కాలిపర్ బ్రాండే మార్చేసినా ముందుగా మీ ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పి, జవాబు దగ్గర ఉంచుకోండి. ప్రమాదం జరిగాక వాదించే బదులు ఇది సుఖం.

ప్రస్తుతానికి ఈ వరసలో చేయించండి. వాక్యూమ్ పరీక్ష, కాలిపర్ల సర్వీసు, హోస్ పైపులు, ఆయిల్, టైర్లు, ప్యాడ్లు. పాత ప్యాడ్లు విప్పినప్పుడు పారేయకుండా లోపలిదీ బయటిదీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి పెట్టండి. వాటి అంచు మీది రెండు అక్షరాలు, డిస్క్ అంచు మీద అచ్చు వేసిన కనీస మందం, ఇప్పుడున్న మందం, టైర్ల నాలుగంకెలు రాయండి. అవి చూస్తే 312 మీకు ఈ ఏడాదే కావాలా, ఇంకో ట్రాక్ డే చూశాక నిర్ణయించుకోవచ్చా అన్నది చెప్తాను.